చట్టం తెచ్చిన అధికారికి దాని అమలు ఎందుకు చేతకాలేదు? హార్వీ వైలీ ఉద్యోగ జీవితంపై చర్చ

పాతకాగితం:

సభ్యులందరికీ నమస్కారం. ఆహార, ఔషధ కల్తీని అరికట్టే అమెరికా జాతీయ చట్టంపై అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 1906 జూన్ 30న సంతకం చేశారు. 1907 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది. ఆ రోజుల్లో చాలామంది దాన్ని ‘వైలీ చట్టం’ అనేవారు. ఇలాంటి గౌరవం సాధారణంగా బిల్లు ప్రవేశపెట్టిన సభ్యుడికి దక్కుతుంది గానీ, ఒక ప్రభుత్వోద్యోగి పేరు చట్టానికి అంటుకోవడం అరుదు. హార్వీ వాషింగ్టన్ వైలీ ఎన్నికల్లో నిలబడిన మనిషి కాదు. వ్యవసాయ శాఖలో ప్రధాన రసాయన శాస్త్రవేత్తగా 1883లో చేరి, 1912 మార్చి 15న రాజీనామా చేసిన ఉద్యోగి.

నన్ను తొలుస్తున్న సందేహం ఇది. ఆ ఇరవై తొమ్మిదేళ్లలో ఇరవై మూడేళ్లు చట్టం లేకుండానే గడిచాయి. చట్టం చేతికందాక ఆయన ఉన్నది ఐదేళ్ల చిల్లర. అంతకాలం ఎదురుచూసిన ఆయుధం చేతికి వచ్చాక ఒక్కొక్క వివాదంలోనూ ఓడిపోతూ వచ్చారు. ఎదుటి పక్షంలో ఉన్నది వ్యాపారులు మాత్రమే కాదు. సొంత శాఖ కార్యదర్శి, సొంత శాఖ న్యాయాధికారి, కొన్ని సందర్భాల్లో సాక్షాత్తు అధ్యక్షుడే ఉన్నారు. లోపం చట్టంలో ఉన్నదా, పైవారి అడ్డంకుల్లో ఉన్నదా, లేక ఆయన స్వభావంలోనే ఉన్నదా? చదివినవారు తమ అభిప్రాయం రాయగలరు.

పరీక్షనాళిక:

మంచి ప్రశ్న. అయితే మీరు దాన్ని 1907 దగ్గర మొదలుపెట్టారు. నేను ఇంకా వెనక్కి జరుపుతాను. ఆహార విశ్లేషకుడిగా చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి కనుక చెబుతున్నాను, కల్తీ నిరోధం చట్టంతో మొదలు కాదు, కొలతతో మొదలవుతుంది. ఏది కల్తీ అని తేల్చే పద్ధతి లేని చోట ఎంత కఠినమైన చట్టమైనా కాగితమే.

వైలీ 1874లో ఇండియానాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో తొలి రసాయనశాస్త్ర ఆచార్యుడు. 1878లో జర్మనీ వెళ్లి, బెర్లిన్‌లో రసాయన శాస్త్రవేత్త హాఫ్‌మన్ ఉపన్యాసాలు విని, చక్కెరలను ధ్రువణమాపకంతో (ఒకే తలంలో కంపించే ధ్రువిత కాంతి ఎటు, ఎంత తిరిగిందో కొలిచే పరికరంతో) గుర్తించే విద్యను నేర్చుకున్నారు. చెరకు చక్కెర ద్రావణం ధ్రువిత కాంతిని కుడివైపు తిప్పుతుంది. ఆమ్లంతో వేడిచేస్తే అదే ద్రావణం ఎడమవైపు తిప్పడం మొదలుపెడుతుంది. మొక్కజొన్న పిండి నుంచి తీసిన గ్లూకోజ్ పాకం మాత్రం ఆమ్లం పోసినా కుడివైపే తిప్పుతూ ఉంటుంది. కంటికి, నాలుకకు దొరకని మోసం ఈ చిన్న తేడాతో దొరికిపోతుంది. తేనె పేరుతోనూ చెరకు పాకం పేరుతోనూ అమ్ముతున్నది చాలా సందర్భాల్లో గ్లూకోజేనని ఆయన ఇండియానాలో నిరూపించింది ఈ దారిలోనే.

1884లో ఏర్పడిన అధికారిక వ్యవసాయ రసాయన శాస్త్రవేత్తల సంఘం స్థాపకుల్లో ఆయన ఒకరు. 1886లో దానికి అధ్యక్షులయ్యారు. అప్పట్లో ఒకే ఎరువు నమూనాను ఇద్దరు రసాయనికులకు పంపితే రెండు వేరువేరు అంకెలు వచ్చేవి. అందరూ ఒకే పద్ధతి పాటిస్తే తప్ప ఏ నివేదికా న్యాయస్థానంలో నిలబడదని గ్రహించి, పద్ధతులను ఏకం చేయడానికి పెట్టుకున్న సంఘం అది. 1887లో మొదలైన ఆయన విభాగపు పదమూడవ బులెటిన్ పది భాగాలుగా 1902 దాకా వెలువడింది. పాల పదార్థాలు, సుగంధ ద్రవ్యాలు మొదలుకొని ఒక్కొక్క సరుకులో ఏమేమి కలుస్తున్నాయో, వాటిని ఎలా పట్టుకోవాలో అందులో ఉంటుంది. ఆయన ఉద్యోగ జీవితంలో గట్టిగా నిలిచిన పని ఇదేనని నా నమ్మకం. పత్రికలు దీన్ని పట్టించుకోలేదు, ఎందుకంటే ఇందులో ఎవరూ విషం తినలేదు.

తూనికరాయి:

పరీక్షనాళిక గారి చివరి వాక్యం నాకు అవకాశం ఇచ్చింది. అందరూ వైలీని గుర్తుంచుకున్నది ఆ విషం తిన్న ప్రయోగం వల్లనే కదా. 1902లో కాంగ్రెస్ 5,000 డాలర్లు మంజూరు చేస్తే, పన్నెండుమంది యువకులను చేర్చుకుని, తన కార్యాలయ భవనపు నేలమాళిగలో భోజనశాల పెట్టి, ఆహారం చెడకుండా అప్పట్లో కలుపుతున్న బోరాక్స్, సాలిసిలిక్ ఆమ్లం, సల్ఫ్యూరస్ ఆమ్లం, దాని గంధకపు లవణాలు, బెంజోయిక్ ఆమ్లం, ఫార్మాల్డిహైడ్ ఒకదాని తర్వాత ఒకటి తినిపించారు. పత్రికలవాళ్లు వారికి ‘విషపు దళం’ అని పేరు పెట్టారు.

శాస్త్రంగా చూస్తే అది ఎంత బలహీనమైన ప్రయోగమో ఎవరూ చెప్పరు. పన్నెండుమంది, అందరూ వయసులో ఉన్న ఆరోగ్యవంతులు. తాము ఏమి తింటున్నారో వారికి తెలుసు, తినిపించేవారికీ తెలుసు. తినబోయేది విషమని రోజూ పత్రికల్లో చదువుతున్న మనిషికి తలనొప్పి, వికారం రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. అటువంటి ఆధారంతో ఒక పరిశ్రమ మొత్తాన్ని నిషేధించాలని పట్టుబట్టిన అధికారిని పైవారు ఆపితే, ఆ తప్పు పూర్తిగా పైవారిదేనా?

పరీక్షనాళిక:

తూనికరాయి గారూ, మీ విమర్శలో సగం ఒప్పుకుంటాను. మిగిలిన సగం ఆ ప్రయోగాన్ని సినిమా కథలా చెప్పుకోవడం వల్ల వచ్చినది.

ప్రతి పరీక్షకూ మూడు దశలు ఉండేవి. మొదట కొన్నాళ్లు ఏ రసాయనమూ కలపని భోజనం పెట్టి, ఒక్కొక్కరి బరువు, ఉష్ణోగ్రత, నాడి నమోదు చేసేవారు. తర్వాత రసాయనంతో భోజనం, ఆ తర్వాత మళ్లీ శుభ్రమైన భోజనం. అంటే ప్రతి యువకుడూ తనకు తానే పోలికగా ఉండేవాడు. తిన్నదంతా తూచేవారు, మలమూత్రాలను కూడా సేకరించి విశ్లేషించేవారు. బయట ఏదీ తినకూడదన్న షరతు ఉండేది. ప్రతిఫలం ఏమిటంటే ఉచిత భోజనం, అంతే.

ఏమి తింటున్నారో తెలియకుండా ఉంచాలన్న ప్రయత్నం కూడా మొదట్లో జరిగింది. బోరాక్స్‌ను వెన్నలో కలిపారు. కొన్నాళ్లకు కుర్రవాళ్లంతా వెన్న ముట్టడం మానేశారు. మరో పదార్థంలోకి మారిస్తే అదీ మానేశారు. చివరికి గొట్టం మాత్రల్లో (క్యాప్సూల్స్‌లో) నింపి మింగించవలసి వచ్చింది. నా అనుభవంలో కూడా మనిషి నాలుకను మోసగించడం కన్నా పరికరాన్ని మోసగించడం సులువు.

ఇక ఆరోగ్యవంతులను ఎంచుకోవడం గురించి. అది లోపం కాదు, వైలీ వాదనకు పునాది. కండపుష్టి గల యువకుడికే జీర్ణశక్తి చెడితే, అదే పదార్థం పసిబిడ్డకు, వృద్ధుడికి, రోగికి ఏమి చేస్తుందో ఊహించుకోమన్నారు. బోరాక్స్ నివేదికలో ఆయన మాటలు మీరు అనుకున్నంత దూకుడుగా లేవు. కొద్దికాలం కొద్దిమోతాదు పెద్ద హాని చేయకపోవచ్చునని ఒప్పుకుంటూనే, నిత్యం తీసుకోవడం తగదన్నారు. అయినా, ఏమి తింటున్నదీ తెలియకుండా చేసే గుడ్డి పరీక్ష కాదన్న మీ అభ్యంతరానికి నా దగ్గర జవాబు లేదు.

ధర్మాసనం:

న్యాయశాస్త్ర విద్యార్థిగా ముందు ఈ చర్చ శీర్షికపైనే నాకు అభ్యంతరం ఉంది. ‘చేతకాలేదు’ అన్న మాట, ఆయనకు అధికారం ఉండి వాడుకోలేకపోయినట్లు వినిపిస్తోంది. 1906 చట్టాన్ని ఒకసారి చదివితే ఆయనకు ఉన్న అధికారం ఎంత ఇరుకైనదో తెలుస్తుంది.

వైలీ అధిపతిగా ఉన్న కెమిస్ట్రీ బ్యూరో చేయగలిగింది నమూనాను పరీక్షించడం, అది కల్తీదో తప్పుడు లేబుల్‌తో ఉన్నదో అభిప్రాయం చెప్పడం. ఆ తర్వాత సరుకు ఎవరిదో వారికి నోటీసు ఇచ్చి, వాదన వినాలి. అప్పటికీ ఉల్లంఘన కనిపిస్తే వ్యవసాయ కార్యదర్శి ఆ సంగతిని ప్రభుత్వ న్యాయవాదికి నివేదించాలి. కోర్టులో నడిపేది ఆ న్యాయవాది. అంటే వైలీ తయారుచేసిన ప్రతి దస్త్రమూ కార్యదర్శి బల్ల మీదుగా పోవలసిందే. నిబంధనలు రూపొందించే అధికారమైనా ఆయనది కాదు. ఆర్థిక, వ్యవసాయ, వాణిజ్య-కార్మిక శాఖల ముగ్గురు కార్యదర్శులది.

అంతకన్నా పెద్ద లోటు మరొకటి ఉంది. ఏ ఆహారం ఎలా ఉండాలో ప్రమాణాలు నిర్ణయించి, వాటికి చట్టబలం ఇచ్చే అధికారాన్ని ఆ చట్టం ఎవరికీ ఇవ్వలేదు. జామ్‌లో పండు ఎంత ఉండాలి అన్న ప్రశ్నకు కోర్టులో చూపించడానికి ఒక అంకె లేదు. పైగా సొంత ‘విశిష్ట నామం’ తో అమ్ముడయ్యే పదార్థాలకు ఒక మినహాయింపు ఉండేది. మామూలు పేరు పెడితే తప్పుడు లేబుల్ అవుతుంది. ఎవరూ వినని కొత్త పేరు కల్పించుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చు.

శిక్షల సంగతి చూడండి. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి కల్తీ సరుకు పంపినవారికి మొదటి నేరానికి గరిష్ఠంగా 200 డాలర్ల జరిమానా. మళ్లీ చేస్తే 300 డాలర్లు, లేదా ఏడాది వరకు జైలు, లేదా రెండూ. పెద్ద కంపెనీకి ఇది లెక్కలోకి రాని మొత్తం. అందువల్ల నిజమైన ఆయుధం సరుకు జప్తు. అప్పుడు కేసు మనిషి మీద కాక సరుకు మీదే నడుస్తుంది. ఆనాటి తీర్పుల పేర్లలో ప్రతివాది స్థానంలో పీపాలు, బస్తాలు కనిపించడానికి కారణం అదే. మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను.

మైనాపిట్ట:

నేను ఈ వేదికకు కొత్త. ఒక చిన్న ప్రశ్న. శాకరిన్ విషయంలో రూజ్‌వెల్ట్ వైలీపై మండిపడ్డారని, అక్కడి నుంచే ఆయన పతనం మొదలైందని ఎక్కడో చదివాను. నిజమేనా?

పాతకాగితం:

మైనాపిట్ట గారూ, స్వాగతం. మీరు చదివిన ఘటన 1908 జనవరి నాటిది. సోడియం బెంజోయేట్‌పై (బెంజోయిక్ ఆమ్లపు లవణంపై) వ్యాపారుల మొరలు వినడానికి రూజ్‌వెల్ట్ వైట్‌హౌస్‌లో సమావేశం పెట్టారు. బెంజోయేట్ విషయంలో వైలీ వైపు మొగ్గినట్లే కనిపించారట. ఇంతలో తర్వాత ఉపాధ్యక్షుడైన జేమ్స్ షెర్మన్ లేచి, తమ సంస్థ డబ్బా మొక్కజొన్నలో చక్కెరకు బదులు శాకరిన్ వేసి ఏడాదిలో 4,000 డాలర్లు ఆదా చేసిందని చెప్పారు. అధ్యక్షుడు అడగకముందే వైలీ కలుగజేసుకుని, చక్కెర తింటున్నామనుకుని జనం తారు నుంచి తీసిన పదార్థం తింటున్నారని, అది ఆరోగ్యానికి హానికరమని అన్నారు. తన వైద్యుడు తనకు రోజూ శాకరిన్ ఇస్తున్నాడని, దాన్ని హానికరమనేవాడు మూర్ఖుడని రూజ్‌వెల్ట్ విరుచుకుపడ్డారు.

ఒక్క జాగ్రత్త. ఈ కథకు మూలం వైలీ స్వయంగా రాసుకున్న జ్ఞాపకాలు, అవీ రెండు దశాబ్దాల తర్వాత రాసినవి. మాటకు మాట నమ్మనక్కరలేదు. ఫలితం మాత్రం చరిత్రలో నమోదై ఉంది. ఆ ఏడాదే రసాయనాల హాని తేల్చడానికి నిపుణుల మధ్యవర్తి మండలి ఏర్పడింది. దానికి అధ్యక్షుడు జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ అధిపతి ఐరా రెమ్సెన్. 1879లో శాకరిన్ బయటపడింది ఆయన ప్రయోగశాలలోనే! ఇక వైలీ మనసు ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించండి.

ధర్మాసనం:

రెమ్సెన్ మండలి కన్నా ముందే దెబ్బ తగిలింది. 1907 ఏప్రిల్‌లో కార్యదర్శి జేమ్స్ విల్సన్ ఆహార, ఔషధ తనిఖీ బోర్డు నెలకొల్పారు. వైలీ అధ్యక్షులు, కొత్తగా తెచ్చిన రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ డన్‌లాప్ ఒక సభ్యుడు, శాఖ న్యాయాధికారి జార్జ్ మకేబ్ మరొక సభ్యుడు. చట్టం అమలులోకి వచ్చి నాలుగు నెలలైనా కాకుండానే, వైలీ బ్యూరో తేల్చిన విషయాన్ని వైలీ కూర్చున్న బోర్డులోనే ఇద్దరు ఒకవైపు, ఆయనొక్కరు మరోవైపు అయి తోసిపుచ్చే ఏర్పాటు జరిగిపోయింది. పేరుకు అధ్యక్షుడు, లెక్కకు అల్పసంఖ్యాకుడు. అందుకే ‘చేతకాలేదు’ అన్న మాట వద్దంటున్నాను.

తూనికరాయి:

ధర్మాసనం గారూ, మీరు గోడలు చూపిస్తున్నారు. ఆ గోడలకు ఆయన తల ఎందుకు కొట్టుకున్నారన్నది నా ప్రశ్న.

చట్టం రెండు మాటలు చెప్పింది: హాని చేసేది కలపకు, లేబుల్‌పై అబద్ధం రాయకు. వైలీకి మూడో మాట కావాలి. పదార్థం స్వచ్ఛంగా, తాను అనుకున్న రూపంలో ఉండాలి. తొలినాళ్లలో ఆయనే కల్తీలో ఎక్కువ భాగం మోసమే గాని విషం కాదనేవారు. విషపు దళం తర్వాత దాదాపు ప్రతి రసాయనమూ ఆయనకు విషమైపోయింది. ఒక అధికారి తన నమ్మకం మార్చుకోవచ్చు. కానీ చట్టంలోని మాటలను తన నమ్మకానికి సరిపడేలా సాగదీయకూడదు.

విస్కీ తగాదా ఇందుకు ఉదాహరణ. ఏళ్ల తరబడి పీపాల్లో మాగినదే విస్కీ అని, శుద్ధి చేసిన ఆల్కహాల్‌కు రంగు, వాసన కలిపినది నకిలీ అని ఆయన పట్టు. ఎవరి ఆరోగ్యం కాపాడడానికి ఈ పట్టు? రెండూ మత్తు పానీయాలే. 1909 డిసెంబరులో అధ్యక్షుడు టాఫ్ట్ రెండింటినీ విస్కీ అనవచ్చునని, ఏ రకమో లేబుల్‌పై చెబితే చాలునని తేల్చారు. నాకది సబబైన తీర్పుగానే కనిపిస్తుంది.

కోకాకోలా కేసు మరీ విడ్డూరం. 1909లో టెనెసీ రాష్ట్రంలోని చట్టనూగ వద్ద నలభై పీపాలు, ఇరవై చిన్న పీపాల పాకం పట్టుకున్నారు. ఆరోపణ ఏమిటంటే కెఫీన్ కలిపారని. టీ, కాఫీలలో కెఫీన్ ఉండగా అభ్యంతరం లేని ప్రభుత్వం, అదే కెఫీన్ సీసాలో ఉంటే కోర్టుకు వెళ్లింది. 1911 మార్చి విచారణ కోసం కంపెనీ తరఫున హ్యారీ హాలింగ్‌వర్త్ అనే యువ మనస్తత్వ శాస్త్రవేత్త కెఫీన్ పరీక్షలు చేశారు. ఏ గొట్టం మాత్రలో కెఫీన్ ఉన్నదో, ఏ మాత్రలో ఉత్త పాలచక్కెర ఉన్నదో తీసుకునేవారికి తెలియకుండా జాగ్రత్తపడ్డారు. డబ్బిచ్చి చేయించింది వ్యాపారి, సరైన పద్ధతి పాటించిందీ వారి మనిషే. ఈ పోలిక వైలీ అభిమానులకు మింగుడుపడదని తెలుసు.

ధర్మాసనం:

మింగుడుపడింది. అయితే కేసు హాలింగ్‌వర్త్ పరీక్షలతో తేలలేదు. కెఫీన్ ఆ పాకపు సూత్రంలోనే భాగం కనుక అది ‘కలిపిన’ పదార్థం కాదని న్యాయమూర్తి శాన్‌ఫర్డ్ కేసును జ్యూరీ దాకా పోనివ్వలేదు. హాని ఉన్నదా లేదా అన్న ప్రశ్న తీర్పులో తేలనేలేదు. 1916లో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టివేసి, కెఫీన్ కలిపిన పదార్థమేనని చెప్పి కేసును వెనక్కి పంపింది. 1917లో కంపెనీ కెఫీన్ తగ్గించి, ఖర్చులు చెల్లించి రాజీ చేసుకుంది. అప్పటికి వైలీ ఉద్యోగం వదిలి ఐదేళ్లు.

దీనికన్నా ముఖ్యమైన తీర్పు 1914లో లెక్సింగ్టన్ మిల్లు కేసులో వచ్చింది. 1910లో మిజోరీ రాష్ట్రంలో 625 బస్తాల పిండిని జప్తు చేశారు. నైట్రోజన్ పెరాక్సైడ్ వాయువుతో తెల్లబరచడం వల్ల పిండిలో నైట్రైట్ చేరుతున్నదని అభియోగం. విషపదార్థం రవ్వంత చేరినా కల్తీయేనన్నది బ్యూరో వాదన. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, ఆ పదార్థం ఆ ఆహారాన్ని హానికరం చేసే అవకాశం ఉన్నదని ప్రభుత్వమే చూపాలన్నది. ఇది వైలీ పక్షానికి ఓటమే. అయితే ఆ అవకాశాన్ని ఎవరిని దృష్టిలో పెట్టుకుని తూచాలో కూడా కోర్టు చెప్పింది: బలవంతులు, బలహీనులు, వృద్ధులు, పిల్లలు, ఆరోగ్యవంతులు, రోగులు, అందరూ ఆ పిండి తింటారు కనుక అందరినీ. పరీక్షనాళిక గారు ముందు రాసిన వైలీ వాదన ఇదే కదా. నెగ్గినవారి తీర్పులో ఓడినవారి తర్కం కనిపించడం నాకు ఆసక్తిగా అనిపించింది.

పరీక్షనాళిక:

ధర్మాసనం గారు చెప్పిన తీర్పును నేను ఉద్యోగంలో ఉండగా చదివి ఉంటే కొన్ని నివేదికలు మరోలా రాసేవాణ్ణి. ఒకసారి నేను అంకెలన్నీ సరిగా ఇచ్చిన నివేదిక ‘అయితే ఏమిటి?’ అన్న ఒక్క మాటతో పై కార్యాలయం నుంచి తిరిగివచ్చింది. అప్పుడు కోపం వచ్చింది. ఎంత ఉన్నదో చెప్పడం ఒక పని, ఉన్నందువల్ల ఏమవుతుందో చెప్పడం మరో పని అని తర్వాత అర్థమైంది.

తూనికరాయి గారు బెంజోయేట్ ఊసు ఎత్తకుండా వదిలేశారు. అందులో మీరు అనుకున్నదానికన్నా లోతు ఉంది. రెమ్సెన్ మండలి 1909లో రోజుకు అర గ్రాము లోపు బెంజోయేట్ హానికరం కాదన్నది. ఆ మాట ఈనాటికీ దాదాపు నిలిచే ఉంది. ప్రస్తుత అమెరికా నిబంధన 0.1 శాతం దాకా అనుమతిస్తోంది. విషశాస్త్రం లెక్కలో వైలీ ఓడిపోయారు. కానీ ఆయన అడిగిన ఇంకో ప్రశ్న ఉంది: అసలు ఆ రసాయనం అవసరం ఎందుకు వచ్చింది? టమాటా కెచప్‌నే చూడండి. డబ్బాల్లో నింపగా మిగిలిన తొక్కలు, ముక్కలు పీపాల్లో నిలవేసి, పులిసిపోతున్న ఆ గుజ్జుతో కెచప్ చేసేవారికి బెంజోయేట్ లేకుండా గడవదు. పండిన మంచి కాయలు తీసుకుని, వెనిగర్, చక్కెర పాళ్లు పెంచి, శుభ్రంగా వండితే ఏదీ కలపకుండానే నిలుస్తుందని హైన్జ్ సంస్థ చేసి చూపింది. అంటే రసాయనం స్వయంగా విషం కాకపోయినా, ముడిసరుకు చెడిందన్న సంగతిని దాచే తెర అవుతుంది. ఇది రోజుకు ఎన్ని గ్రాములు అన్న లెక్కకు అందే వాదన కాదు. 1906 చట్టంలో దీనికి సరైన చోటు లేదు. అందుకని ఆయన దాన్ని ‘హాని’ అన్న గదిలోకి తోయడానికి చూశారు, అది పట్టలేదు.

మరో మాట. 1907లో తొలి తనిఖీ అధికారుల దళానికి నాయకుడిగా వాల్టర్ క్యాంప్‌బెల్‌ను ఎంచుకున్నది వైలీయే. కేసు కోర్టులో నిలవాలంటే నమూనా ఎలా తీయాలి, ఎలా ముద్రవేయాలి, ఎవరి చేతులు మారింది ఎలా రాయాలి అన్న క్రమశిక్షణ ఆ దళంతో వచ్చింది. క్యాంప్‌బెల్ తర్వాతి కాలంలో ఆ సంస్థకే అధిపతి అయ్యారు. మంచి వారసుణ్ణి గుర్తించడాన్ని నేను అమలులో భాగంగానే లెక్కిస్తాను.

మైనాపిట్ట:

ఇంత ఓర్చుకున్నవారు 1912లోనే ఎందుకు రాజీనామా చేశారు? తొలగించారా?

పాతకాగితం:

తొలగించాలని చూశారు, కుదరలేదు. హెన్రీ రస్బీ అనే ఔషధ మొక్కల నిపుణుడి సేవలు బ్యూరోకు కావాలి. నిపుణులకు రోజుకూలి పరిమితి తక్కువగా ఉండడంతో, ఆయనకు ఏడాదికి 1,600 డాలర్ల జీతమని చూపి, రోజుకు 20 డాలర్ల లెక్కన పనిచేయించుకునే ఏర్పాటు చేశారు. ఇది నిబంధనలకు విరుద్ధమని శాఖలోని కమిటీ పట్టుకుంది. వైలీ రాజీనామాకు అవకాశమిచ్చి పంపివేయాలని సిఫారసు అటార్నీ జనరల్ వికర్‌షామ్ దాకా వెళ్లి, ఆయన ఆమోదంతో టాఫ్ట్ చేతికి చేరింది. కోట్ల వ్యాపారాన్ని ఎదిరించిన అధికారిపై చివరికి దొరికిన నేరం ఒక నిపుణుడి రోజుకూలి!

విషయం 1911 జూలైలో బయటికి పొక్కింది. పత్రికలు, మహిళా సంఘాలు భగ్గుమన్నాయి. ఇండియానా సభ్యుడు రాల్ఫ్ మాస్ అధ్యక్షతన ప్రతినిధుల సభ కమిటీ విచారణ జరిపితే, వైలీ సంగతి కన్నా శాఖ లోపలి కుమ్ములాటలే ఎక్కువ బయటపడ్డాయి. సెప్టెంబరులో టాఫ్ట్ ఆయనను నిర్దోషిగా తేల్చారు. అయితే విల్సన్ తన స్థానంలోనే ఉన్నారు, అధికారాల అమరిక పెద్దగా మారలేదు. ఆరు నెలలు చూసి వైలీ తప్పుకున్నారు. ‘గుడ్ హౌస్‌కీపింగ్’ పత్రికలో ఆహార విభాగాన్ని చేపట్టి, ఉత్పత్తులను పరీక్షించి పాఠకులకు చెప్పే పనిలో ఇంచుమించు చివరిదాకా ఉన్నారు. అక్కడ ఆయన మాటను ఇద్దరికి ఒకరుగా తోసిపుచ్చే బోర్డు లేదు.

తూనికరాయి:

రస్బీ వ్యవహారంలో ఆయనకు అన్యాయం జరిగిందని ఒప్పుకుంటున్నాను. అయినా నా మొదటి మాటను పూర్తిగా వదులుకోను. నిబంధన ఇరుకుగా ఉంటే చుట్టూ తిరిగి దారి చేసుకునే స్వభావం రస్బీ జీతంలోనూ కనిపిస్తుంది, విస్కీ నిర్వచనంలోనూ కనిపిస్తుంది.

లెక్క సరిచూద్దాం. బోరాక్స్, ఫార్మాల్డిహైడ్ ఆహారంలోంచి పోయాయి. అక్కడ ఆయన మాట నిలిచింది. బెంజోయేట్ మిగిలింది. శాకరిన్ తగాదా ఆయన పోయిన తర్వాత కూడా దశాబ్దాలపాటు సాగింది. గంధకపు లవణాలను (సల్ఫైట్లను) పచ్చి పండ్లు, కూరగాయలపై వాడడాన్ని అమెరికా ప్రభుత్వం 1986లో నిషేధించింది. ఉబ్బసం ఉన్నవారికి వాటివల్ల వచ్చే ప్రమాదం అందుకు కారణం. అది వైలీ పరీక్షించిన హాని కాదు, కానీ ఆయన అనుమానించిన పదార్థమే. దీన్ని ఆయన ఖాతాలో రాయాలా వద్దా నేను తేల్చుకోలేకపోతున్నాను.

ధర్మాసనం:

సగం రాయండి. ఇంకో పద్దు కూడా చేర్చండి. 1938 చట్టం ఆహార ప్రమాణాలు నిర్ణయించి వాటికి చట్టబలం ఇచ్చే అధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టింది, ‘విశిష్ట నామం’ మినహాయింపును ఎత్తివేసింది, ఫ్యాక్టరీల తనిఖీకి వీలు కల్పించింది. 1906లో లేనివని నేను పైన చెప్పిన వాటిలో చాలావరకు అప్పుడు వచ్చాయి. అయితే ఆ చట్టం గబగబా కదలడానికి వైలీ స్మృతి కారణం కాదు. 1937లో ఒక సల్ఫా మందు ద్రావణం తాగి వందమందికి పైగా చనిపోవడం కారణం.

ఇంకొక వింత ఉంది. 1927లో ప్రభుత్వం అమలు పనిని పరిశోధన నుంచి విడదీసి వేరే సంస్థగా చేసింది. 1930లో దానికే ఆహార, ఔషధ నిర్వహణ సంస్థ అన్న పేరు వచ్చింది. తాను కట్టిన బ్యూరో అలా చీలిపోవడం వైలీకి ఏమాత్రం నచ్చలేదు.

పాతకాగితం:

ఆ కోపంతోనే 1929లో తన వైపు కథను పెద్ద గ్రంథంగా సొంత ఖర్చుతో అచ్చువేయించుకున్నారు. ఆధారంగా వాడుకునేవారు దాన్ని మాస్ కమిటీ విచారణ ప్రతులతో పక్కపక్కనే పెట్టి చదవాలని నా సలహా. కొన్నిచోట్ల ఆయన జ్ఞాపకానికీ ఆనాటి వాంగ్మూలానికీ పొంతన తక్కువ. 1930 జూన్ 30న ఆయన మరణించారు, అంటే చట్టంపై సంతకం జరిగిన రోజుకు సరిగ్గా ఇరవై నాలుగేళ్లు.

ధర్మాసనం గారూ, శీర్షికలో ‘చేతకాలేదు’ తీసి ‘సాధ్యపడలేదు’ అని పెట్టాలని చూశాను. జవాబులు వచ్చిన చర్చకు శీర్షిక మార్చే అవకాశాన్ని ఈ వేదిక ఇవ్వడం లేదు. నిర్వాహకులకు రాశాను.

పరీక్షనాళిక:

మార్చకపోయినా ఫరవాలేదు, ఆ మాట వల్లనే ఇన్ని జవాబులు వచ్చాయి. మైనాపిట్ట గారూ, మీరు ఇంకా చదవదలచుకుంటే బెంజోయేట్‌తో కాక పదమూడవ బులెటిన్‌తో మొదలుపెట్టండి. సుగంధ ద్రవ్యాల భాగంలో మిరియాల పొడిలో కలిసే వాటిని సూక్ష్మదర్శినిలో ఎలా గుర్తించాలో ఉంటుంది, చిత్రాలతో సహా.

మైనాపిట్ట:

ధన్యవాదాలు. అక్కడి నుంచే మొదలుపెడతాను.